పేద కుటుంబాలకు దారి ఎక్కడ మూసుకుపోతోందో మీవాళ్ళకు అర్థమయ్యేలా చేయడం ఎలా

మీరు ఒక బడిలో పనిచేస్తుండొచ్చు, ఆసుపత్రి కౌంటర్లో కూర్చుంటుండొచ్చు, ఏదో స్వచ్ఛంద సంస్థలోనో కాలనీ సంఘం కమిటీలోనో ఉండొచ్చు. మీ చుట్టూ ఉన్నవాళ్ళు మంచివాళ్ళే, సాయం చేయాలనీ ఉంటుంది, కానీ పేద కుటుంబాల మాట వచ్చేసరికి "చెప్పిన టైముకి రారండీ", "ఎన్నిసార్లు చెప్పినా కాగితాలు తేరు", "డబ్బు దాచుకోవడం తెలీదు" అంటారు. అసలు సంగతి వీళ్ళకు తెలియాలి అని మీకు అనిపిస్తోంది. ఒక పూట కార్యక్రమం పెట్టి ఆ పని ఎలా చేయొచ్చో మొదటి నుంచీ చెప్తాను.

ముందుగా ఒక మాట, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. మీ కార్యక్రమం అయ్యాక అందరూ కళ్ళు తుడుచుకుని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారంటే ఆ పూట వృథా అయినట్టే. జాలి పుట్టించడం తేలిక, రెండు ఫొటోలూ ఒక కన్నీటి కథా చాలు. మీకు కావాల్సింది అది కాదు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళ చేతుల్లోనే ఉన్న ఏదో ఒక నియమం, ఒక ఫారం, ఒక టైమింగ్ ఎవరి దారికో అడ్డంగా ఉందని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టాలి, కనిపెట్టి మార్చాలి. అందుకే చూపించాల్సింది పేదవాళ్ళను కాదు, అడ్డంకులను.

మొదట, గదిలో ఎవరుంటారో, వాళ్ళ చేతిలో ఏముందో రాసుకోండి

అందరినీ పిలిచేద్దాం అనుకోకండి. ఒకే చోట పనిచేసేవాళ్ళో, ఒకే కుటుంబాలతో వ్యవహరించేవాళ్ళో అయితే మాట గట్టిగా దిగుతుంది. పేర్ల పక్కన ఒక్కొక్కరూ ఏం నిర్ణయించగలరో రాయండి. టీచర్ అయితే ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి లోపలికి రానివ్వాలా వద్దా అన్నది, క్లినిక్ గుమస్తా అయితే అపాయింట్‌మెంట్ తప్పినవాళ్ళకు మళ్ళీ ఎప్పుడు టైమివ్వాలన్నది, యజమాని అయితే షిఫ్టు ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళయితే అడ్వాన్సు ఎంత అన్నది. ఏమీ నిర్ణయించలేనివాళ్ళు ఉండకూడదని కాదు, వాళ్ళు వస్తే మంచిదే, కానీ నిర్ణయించగలిగే ఇద్దరైనా లేకపోతే తేదీ వాయిదా వేసుకోండి. పైఅధికారి ప్రారంభోత్సవానికి వచ్చి రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతానంటే ఒప్పుకోవద్దు, చివరిదాకా కూర్చోమని అడగండి.

పేదరికపు బతుకు తెలిసినవాళ్ళు లేకుండా మొదలుపెట్టకండి

ఇక్కడ ఎక్కువమంది చేసే పని ఏంటంటే, కార్యక్రమం అంతా తామే తయారుచేసుకుని, చివర్లో ఒకామెను పిలిచి "మీ అనుభవం చెప్పండమ్మా" అని మైకు ఇస్తారు. ఆమె చెప్తుంది, వీళ్ళు చప్పట్లు కొడతారు. ఆ పద్ధతి వద్దు. ఆమె ప్లానింగ్ మీటింగులోనే ఉండాలి, అదీ ఒక్కరు కాదు, ముగ్గురో నలుగురో. ఒక్కరే ఉంటే గదిలో ఉన్నవాళ్ళందరి ప్రశ్నలకీ ఆమె ఒక్కతే జవాబుదారీ అయిపోతుంది, పైగా "మీరు వేరే లెండి, మిగతావాళ్ళు అలా కాదు" అని తేల్చేయడం కూడా సులువైపోతుంది.

దీనికి మంచి నమూనా ఒకటుంది. జోసెఫ్ వ్రెసిన్‌స్కీ అనే ఫ్రెంచి మతగురువు, తనూ పేదరికంలోనే పుట్టి పెరిగినవాడు, 1957లో పారిస్ శివార్లలో నిలవనీడ లేని కుటుంబాల శిబిరంలో ఆ కుటుంబాలతోనే కలిసి ఒక సంస్థ పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఏటీడీ ఫోర్త్ వరల్డ్ అంటారు. ఈ సంస్థ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి బంగ్లాదేశ్, బొలీవియా, ఫ్రాన్స్, టాంజానియా, బ్రిటన్, అమెరికాల్లో పేదరికం అంటే ఏమిటన్న దాని మీద పరిశోధన చేసి 2019లో ఫలితాలు వెల్లడించాయి. అందులో పేదరికం అనుభవించినవాళ్ళు ప్రశ్నలకు జవాబిచ్చి వెళ్ళిపోలేదు, పరిశోధకులుగానే పనిచేశారు. ముందు వాళ్ళు వాళ్ళలో వాళ్ళు విడిగా కూర్చుని ఆలోచించుకున్నారు, పేద కుటుంబాలతో పనిచేసే ఉద్యోగులు విడిగా, విద్యావేత్తలు విడిగా, ఆ తర్వాతే అందరూ కలిశారు. వాళ్ళు తేల్చిన 9 కోణాల్లో ఆదాయం చాలకపోవడం, సరైన పని దొరకకపోవడం లాంటి అందరూ ఊహించేవీ ఉన్నాయి, సంస్థలు మనిషిని చిన్నచూపు చూడటం, సమాజం చీదరించుకోవడం, వాళ్ళు చేసే మేలు ఎవరి లెక్కలోకీ రాకపోవడం కూడా ఉన్నాయి. జీతం లెక్కలు చూసి పేదరికం కొలిచేవాళ్ళకు ఈ మూడూ తట్టడం కష్టం.

మీరు దీని నుంచి తీసుకోవాల్సింది ఆ "ముందు విడిగా" అన్న పద్ధతి. అధికారి ఎదురుగా కూర్చున్నప్పుడు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. పేదవాడి కోపం పెదవికి చేటు అని ఊరికే అనలేదు, రేపు మళ్ళీ అదే కౌంటర్ దగ్గరికి వెళ్ళాలి కదా. ముందు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, ఏది బయటపెట్టాలో, ఏది వద్దో వాళ్ళే తేల్చుకుని వస్తే మాటకు బలం ఉంటుంది.

డబ్బు సంగతి మర్చిపోవద్దు. వాళ్ళ సమయానికి డబ్బు ఇవ్వండి, బయటి నుంచి శిక్షణ ఇచ్చేవాళ్ళను పిలిస్తే ఎంత ఇస్తారో అంత. ప్రయాణ ఖర్చు ముందే ఇవ్వండి, తర్వాత బిల్లు పెట్టుకోమంటే ఆ బిల్లు వచ్చేదాకా వాళ్ళు మీకు అప్పిచ్చినట్టు. పిల్లలను ఎవరు చూసుకుంటారో అడగండి. మీటింగు పెట్టే టైము వాళ్ళ పని టైముకు అడ్డం రాకుండా చూడండి. ఈ నాలుగూ అమర్చడంలోనే మీకు అడ్డంకుల మొదటి పాఠం అయిపోతుంది, నిజంగా. పేరు వాడాలా, ఫొటో తీయాలా, చెప్పిన సంగతి తర్వాత ఎక్కడైనా రాయొచ్చా అన్నవి వాళ్ళ ఇష్టం. ఆ ఇష్టాన్ని చివరి నిమిషంలో మార్చుకున్నా మీరు సరేననాలి.

అడ్డంకుల జాబితా తయారుచేయండి, కానీ ఊహించి కాదు

ఆ ముగ్గురు నలుగురితో కూర్చుని ఒకే ఒక్క పనిని పట్టుకోండి. మీ సంస్థ నుంచి ఒక ధ్రువపత్రం తీసుకోవడమో, పిల్లవాణ్ణి చేర్పించడమో, వైద్యం చేయించుకోవడమో. ఆ పని గురించి ఎవరు ఎప్పుడు ఎలా విన్నారు, ఎక్కడికి వెళ్ళారు, ఎన్నిసార్లు తిరిగారు, ఎక్కడ ఆగిపోయారు అని పూసగుచ్చినట్టు చెప్పమనండి. గోడ మీద పెద్ద కాగితం అంటించి వరసగా రాసుకుంటూ వెళ్ళండి. అలా రాస్తున్నప్పుడు ఏ పనిలోనైనా కొన్ని సంగతులు మళ్ళీ మళ్ళీ వస్తాయి, అవేంటో ముందే తెలిస్తే మీరు సరైన ప్రశ్న అడగగలుగుతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది ఆదాయం నిలకడగా లేకపోవడం. తక్కువ రావడం ఒక కష్టం అయితే, ఎప్పుడొస్తుందో తెలియకపోవడం ఇంకో కష్టం. ఈ వారం పని దొరికింది, వచ్చే వారం దొరక్కపోవచ్చు, అద్దె మాత్రం తేదీ ప్రకారమే కట్టాలి. నెల జీతం వచ్చేవాళ్ళు ఇచ్చే పొదుపు సలహాలన్నీ ఆదాయం నిలకడగా ఉందనుకునే ఇస్తారు.

రెండోది, డబ్బు తక్కువ ఉన్నవాళ్ళకే అన్నీ ఎక్కువ ధర పడటం. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఉంటుంది, ఒకేసారి కట్టలేనివాళ్ళు నెలనెలా ఎక్కువ కడతారు. పెద్ద ప్యాకెట్ కొంటే చవక, కానీ ఆ రోజు చేతిలో ఉన్నది చిన్న ప్యాకెట్‌కే సరిపోతుంది. ఇంటికి అడ్వాన్సు కట్టలేక రోజు లెక్కన గది తీసుకుని నెల తిరిగేసరికి అద్దె కంటే ఎక్కువే కడతారు. గడువు దాటితే జరిమానా, ఆ జరిమానా కట్టడం వల్ల తర్వాతి గడువు కూడా దాటడం, ఇలా ఒకదాని వెనక ఒకటి.

మూడోది కాగితాలు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మీ చేతుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ప్రభుత్వ సేవల మీద పనిచేసిన పరిశోధకులు పమేలా హర్డ్, డొనాల్డ్ మోయ్నిహన్ ఈ భారాన్ని మూడు రకాలుగా విడదీశారు. అసలు అలాంటి సాయం ఒకటుందని, తమకు వర్తిస్తుందని తెలుసుకోవడానికి పడే శ్రమ ఒకటి. ఫారాలు నింపి, రుజువులు తెచ్చి, క్యూలో నిలబడి పని పూర్తిచేసే శ్రమ రెండోది. ఇదంతా చేస్తున్నప్పుడు పడే టెన్షన్, అవమానం, "నన్ను దొంగలా చూస్తున్నారు" అన్న భావన మూడోది. మొదటి రెండూ ఎవరో ఒకరు ఒప్పుకుంటారు గానీ మూడోది లెక్కలోకి రాదు. అర్హత ఉండీ సాయం అడగని కుటుంబాలు ఎందుకున్నాయని ఆశ్చర్యపోయేవాళ్ళకు జవాబు చాలావరకు ఈ మూడింటిలో దొరుకుతుంది. చిరునామా రుజువు కావాలంటారు, అద్దెకిచ్చినాయన రసీదు ఇవ్వడు. ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుందంటారు, రీచార్జ్ చేయించలేక ఆ నంబరు పోయి కొత్తది తీసుకుని ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పనికి వెళ్ళినవాళ్ళ దగ్గర ఉంటుంది.

నాలుగోది సమయం. ఆఫీసు తెరిచి ఉండే గంటలే వాళ్ళు పనిచేసే గంటలు. అక్కడికి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. "రేపు రండి" అన్న మాట కౌంటర్ వెనకున్నవాళ్ళకు రెండు ముక్కలు, ఇవతలి వాళ్ళకు ఇంకో రోజు సంపాదన. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళో, చంటిపిల్లలో ఉంటే ఆ గంటలు దొరకడమే గగనం.

ఐదోది, పైకి కనబడనిది, ఆలోచన అంతా డబ్బు చింతకే ఖర్చయిపోవడం. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు, అంటే చేతిలో డబ్బు లేని రోజుల్లో ఒకసారి, కోత డబ్బులు చేతికొచ్చాక ఒకసారి ఒకే రకమైన ఆలోచనా పరీక్షలు చేసి చూసింది. ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో చేసిన పని ఇది. అదే మనిషి, అదే చదువు, కానీ డబ్బుకు కటకటలాడే రోజుల్లో తక్కువగా రాశాడు, డబ్బు చేతిలో ఉన్నప్పుడు మెరుగ్గా రాశాడు. మీవాళ్ళతో ఈ సంగతి చెప్పండి, కానీ జాగ్రత్తగా చెప్పండి. పేదవాళ్ళకు తెలివి తక్కువ అని ఇది చెప్పడం లేదు, సరిగ్గా దానికి వ్యతిరేకంగా, ఆ స్థితిలో ఎవరిని పెట్టినా అలాగే ఉంటుందని చెప్తోంది. మీ ఫారం నాలుగు పేజీలు ఉండటానికీ దీనికీ సంబంధం ఉందని వాళ్ళకు తోచాలి.

ఇంకా కొన్ని ఉంటాయి. కొంచెం ఎక్కువ సంపాదిస్తే వచ్చే సాయం మొత్తం ఆగిపోవడం, ఆగిన సాయం సంపాదన పెరిగిన దానికన్నా ఎక్కువ ఉండటం. పిల్లల్ని తీసుకుపోతారేమో, ఉన్న ఇల్లు ఖాళీ చేయిస్తారేమో అన్న భయంతో అధికారుల దగ్గరికే రాకపోవడం. మీ ప్రాంతంలో ఏది బలంగా ఉందో ఆ కుటుంబాలే చెప్తాయి.

ఎవరైనా "అసలు పేదవాళ్ళు అంటే ఎవరు, లెక్క చెప్పండి" అంటే రెండు కొలతలు చెప్పి ముందుకెళ్ళిపోండి. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో సవరించిన పేదరిక గీత ప్రకారం, దేశాల మధ్య ధరల తేడా సరిచేశాక, మనిషికి రోజుకు 3 డాలర్ల లోపు అయితే తీవ్ర పేదరికం. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2010 నుంచి ఇస్తున్న బహుముఖ పేదరిక సూచీ ఆదాయం అడగదు, ఆరోగ్యం, చదువు, జీవన స్థితి అనే మూడు వైపుల నుంచి 10 సంగతులు చూస్తుంది: తిండి, పిల్లల మరణాలు, బడి, తాగునీరు, మరుగుదొడ్డి, కరెంటు, వంట ఇంధనం ఇలాంటివి. డబ్బు గీత దాటిన కుటుంబం కూడా ఇక్కడ దొరికిపోవచ్చు. అంతకుమించి లెక్కల్లోకి దిగితే మీ పూట అందులోనే గడిచిపోతుంది.

మీ ఫారం మీరే నింపి చూడండి

కార్యక్రమానికి వారం ముందు, రాబోయేవాళ్ళందరికీ ఒక పని ఇవ్వండి. మీ సంస్థ సేవ ఒకటి, బయటి మనిషిలా, మొత్తం చేసి చూడమనండి. షరతులు ఉన్నాయి: కంప్యూటర్ వాడకూడదు, ఫోన్ ఒక్కటే, అదీ వైఫై లేకుండా. తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి అడగకూడదు. మీ సంస్థ ఇచ్చిన నంబరుకే ఫోన్ చేయాలి, ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో రాసుకోవాలి. అడిగిన కాగితాలన్నీ ఇంట్లో వెతికి తీయాలి, జిరాక్స్, ఫొటోలు, ప్రయాణం అన్నీ కలిపి ఎంత ఖర్చయిందో లెక్కపెట్టాలి. ఎక్కడ ఏ మాట అర్థం కాలేదో గీత పెట్టుకోవాలి.

ఇది చిన్న పనిలా కనబడుతుంది గానీ నా దృష్టిలో మొత్తం కార్యక్రమంలో దీని పక్కన నిలబడగలిగేది లేదు. తామే రాసిన ఫారంలో తామే ఇరుక్కుపోయిన మనిషికి మీరు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఒకవేళ మీకు సమయం, మనుషులు తక్కువై ఒక్కటే చేయగలరంటే, కింద చెప్పే ఆట మానేసి ఇదే చేయండి.

ఆ పూట: నెల రోజులు గంటలో గడపడం

అమెరికాలో మిస్సోరీ కమ్యూనిటీ యాక్షన్ నెట్‌వర్క్ వాళ్ళు కమ్యూనిటీ యాక్షన్ పావర్టీ సిమ్యులేషన్ అనే ఆట కిట్ ఇస్తారు. అందులో వచ్చినవాళ్ళు కుటుంబాలుగా విడిపోయి, ఒక్కో వారానికి 15 నిమిషాల చొప్పున నాలుగు వారాలు, అంటే ఒక నెల గడుపుతారు. గది చుట్టూ బల్లలు బ్యాంకుగా, బడిగా, ఆఫీసుగా ఉంటాయి. అదే కిట్ కొనాలని లేదు, మీ ఆ పెద్ద కాగితం మీద రాసిన అడ్డంకులతో మీరే తయారుచేసుకుంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. ఎలాగంటే:

గది మధ్యలో ఐదారు కుటుంబాలు, ఒక్కోదానిలో ముగ్గురు నలుగురు. చుట్టూ గోడ వెంట ఐదు బల్లలు: పని చోటు, ఇంటి యజమాని, సాయం ఇచ్చే ఆఫీసు, దుకాణం, అప్పు ఇచ్చేచోటు. నెల ఆదాయం 100 టోకెన్లు అనుకోండి. అద్దె 40, తిండి వారానికి 10 చొప్పున 40, కరెంటు 8. మిగిలింది 12. ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా ప్రయాణానికి ఒక టోకెన్ తీసుకోండి, వారానికొకసారి పనికి వెళ్ళడానికే 4 పోతాయి, ఇక మిగతా బల్లలకు తిరగడంతో సహా అన్నిటికీ చేతిలో ఉన్నది 8. రెండో వారం మధ్యలో ప్రతి కుటుంబానికీ ఒక చీటీ ఇవ్వండి: పిల్లవాడికి జ్వరం, 10 టోకెన్లు. అప్పు బల్ల దగ్గర 10 ఇస్తారు, వచ్చే వారం 12 కట్టాలి. ఇక లెక్క వాళ్ళే చేసుకుంటారు.

ఆదాయం మొదటి రోజే మొత్తం చేతికివ్వొద్దు. ఒక కుటుంబానికి వారం వారం, ఒకరికి మూడో వారంలో. ఒక్క కుటుంబానికి మాత్రం అదే 100 ఆదాయం ఇచ్చి, పక్కన 50 టోకెన్ల దాపు డబ్బు కూడా ఇవ్వండి, ఆ సంగతి ఎవరికీ చెప్పకండి. నెలాఖరుకు ఆ కుటుంబం అప్పు బల్ల దగ్గరికి వెళ్ళి ఉండదు, జరిమానా కట్టి ఉండదు, "మేం జాగ్రత్తగా ఖర్చుపెట్టుకున్నాం" అని వాళ్ళే చెప్తారు. అప్పుడు ఆ 50 సంగతి బయటపెట్టండి. జాగ్రత్త అనుకున్నదాంట్లో ఎంత భాగం ముందే చేతిలో ఉన్న డబ్బుదో అందరికీ ఒక్కసారిగా తెలుస్తుంది.

సాయం ఆఫీసు బల్ల వెనక కూర్చోవడానికి ఆ బతుకు తెలిసినవాళ్ళను అడగండి, వాళ్ళకు ఇష్టమైతేనే. ఆ బల్ల ఎలా నడుస్తుందో వాళ్ళకంటే బాగా ఎవరికీ తెలియదు. వాళ్ళను కుటుంబాల్లో మాత్రం కూర్చోబెట్టకండి, రోజూ అనుభవించేదాన్ని ఆటగా ఆడమనడం న్యాయం కాదు. ఆ బల్ల వెనకున్న మనిషి దుర్మార్గంగా ఉండనక్కర్లేదు, అరవనక్కర్లేదు. మర్యాదగా, నవ్వుతూనే, "ఈ కాగితం మీద సంతకం లేదండీ", "టైమైపోయిందండీ" అంటే చాలు. మనుషులు మంచివాళ్ళైనా పద్ధతి ఎలా అడ్డుపడుతుందో అప్పుడే తెలుస్తుంది, లేకపోతే "ఆ కౌంటర్లో మనిషి సరిగా లేడు" అన్న దగ్గరే ఆగిపోతారు.

రెండు జాగ్రత్తలు. కొందరు దీన్ని గెలవాల్సిన పోటీలా తీసుకుని నవ్వుకుంటూ పరుగెడతారు, మొదటి వారంలో వదిలేయండి, రెండో వారానికి నవ్వు తగ్గకపోతే ఆట ఆపి ఒక్క నిమిషం అందరినీ మౌనంగా తమ చీటీ చదువుకోమనండి. రెండోది, ఆట అయ్యాక "ఇప్పుడు మీకు పేదరికం తెలిసింది" అని మాత్రం అనకండి. తెలియదు. గంటలో ముగుస్తుందని వాళ్ళకు తెలుసు, నిజంగా బతికేవాళ్ళకు ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. ఆ తేడాను మీరే నోరు తెరిచి చెప్పండి.

ఆట తర్వాతి మాటలకు ఆటకు పెట్టినంత సమయం పెట్టండి

కనీసం గంట. టీ తాగి వచ్చి మాట్లాడదాం అంటే సగం మంది జారుకుంటారు, అలాగే కూర్చోబెట్టండి. "ఎలా అనిపించింది" అన్న ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు గానీ అక్కడే తిరగకండి. "ఏ బల్ల దగ్గర ఆగిపోయారు? అక్కడ ఏ నియమం ఆపింది? ఆ నియమం ఎవరు పెట్టారు? మన దగ్గర అలాంటిది ఉందా?" ఈ వరసలో వెళ్ళండి. ఇంట్లో చేసుకొచ్చిన ఫారం అనుభవాలు ఇక్కడ బయటికి తీయండి.

కొన్ని మాటలు కచ్చితంగా వస్తాయి. వాటికి కోపం తెచ్చుకోవద్దు, అన్నవాళ్ళను చిన్నబుచ్చొద్దు, అలా అనుకునేవాళ్ళే మీకు కావాల్సినవాళ్ళు.

"డబ్బిస్తే తాగేస్తారండీ" అంటారు. దీనికి నేరుగా జవాబుంది. నగదు సాయం అందుకున్న కుటుంబాలు మద్యం, పొగాకు లాంటివాటి మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నాయా అని డేవిడ్ ఎవాన్స్, ఆనా పొపోవా 2014లో ప్రపంచ బ్యాంకు కోసం వేర్వేరు ఖండాల నుంచి 19 అధ్యయనాలు కలిపి చూశారు. దాదాపు అన్నిటా ఆ ఖర్చు పెరగలేదు, కొన్నిచోట్ల తగ్గింది కూడా. తాగేవాళ్ళు లేరని కాదు. డబ్బున్న ఇళ్ళలోనూ ఉన్నారు, వాళ్ళ జీతం మాత్రం ఎవరూ ఆపమనరు.

"అంత లేనివాళ్ళయితే చేతిలో స్మార్ట్‌ఫోన్ ఎందుకు?" అంటే, మీ సంస్థ అపాయింట్‌మెంట్ ఎలా ఇస్తుందో అడగండి. ఓటీపీ, మెసేజ్, యాప్. పని ఇచ్చేవాళ్ళు కబురు పంపేది కూడా ఫోన్లోనే. 1776లోనే ఆర్థికవేత్త ఆడం స్మిత్ ఈ సంగతి రాశాడు: నార చొక్కా లేకుండా బతకొచ్చు, పాత గ్రీకులు, రోమన్లు హాయిగా బతికారు, కానీ తన కాలంలో అది లేకుండా నలుగురిలోకి రావడానికి కూలివాడు కూడా సిగ్గుపడతాడు కాబట్టి అది అవసరమే అన్నాడు. ఇప్పుడు ఫోనూ అంతే.

"నేనూ పేదరికంలోంచే వచ్చాను, కష్టపడ్డాను, పైకొచ్చాను" అనేవాళ్ళు ప్రతి గదిలోనూ ఒకరిద్దరుంటారు. ఇది అన్నిటికంటే సున్నితమైనది, వాళ్ళ కష్టం నిజమే కదా, దాన్ని తక్కువ చేస్తే వాళ్ళు మూసుకుపోతారు. ముందు వాళ్ళ కథ పూర్తిగా వినండి. విన్నాక "మీకు ఆ రోజుల్లో ఎక్కడ తలుపు తెరుచుకుంది? ఎవరు ఫీజు కట్టారు, ఎవరు ఇంట్లో ఉండనిచ్చారు, ఎవరు గడువు పొడిగించారు?" అని అడగండి. సాధారణంగా ఎవరో ఒకరి పేరు వస్తుంది. "ఆ మనిషి ఆ రోజు అక్కడ లేకపోతే?" అన్నది వాళ్ళే ఆలోచించుకుంటారు. అలాంటివాళ్ళే తర్వాత మార్పు కోసం గట్టిగా నిలబడటం జరుగుతుంది.

"అందరికీ మినహాయింపులిస్తే క్రమశిక్షణ ఏం కావాలి?" అన్నదాన్ని తీసిపారేయకండి, సంస్థ నడిపేవాళ్ళకు అది న్యాయమైన చింతే. ఆ నియమం ఏ సమస్య కోసం పెట్టారో అడగండి. నిజంగా అవసరమైన నియమం ఉంటుంది, ఎప్పుడో ఎవరో పెట్టి వదిలేసింది ఉంటుంది. ఆ రెండింటినీ వేరుచేయడమే ఆ గంట పని.

ఒక్క నియమం, ఒక్క పేరు, ఒక్క తేదీ

చివరి అరగంటలో ఒక్కొక్కరూ ఒక చీటీ రాయాలి: నా చేతిలో ఉన్న ఏ ఒక్క సంగతి మారుస్తాను, ఎప్పటిలోగా. "ఇకనుంచి ఓర్పుగా ఉంటాను" అంటే తిరిగి ఇచ్చేయండి, మంచి మాటే గానీ దాన్ని ఎవరూ సరిచూడలేరు. ఎలాంటివి పనికొస్తాయంటే, వారంలో ఒక రోజు సాయంత్రం పొద్దుపోయేదాకా కౌంటర్ తెరిచి ఉంచడం, మన దగ్గరే రికార్డులో ఉన్న కాగితాన్ని మళ్ళీ మళ్ళీ అడగకపోవడం, ఏదైనా లోటుంటే "రేపు రండి" అనకుండా ఏయే కాగితాలు కావాలో అన్నీ ఒకేసారి రాసివ్వడం, అపాయింట్‌మెంట్ తప్పితే పేరు కొట్టేసేముందు ఒకసారి ఫోన్ చేయడం, అడ్వాన్సును మూడు నెలల్లో విడదీసి తీసుకోవడం, షిఫ్టులు రెండు వారాల ముందు చెప్పడం, బడిలో ఏదైనా కొనమని చెప్పేముందు కొనలేని ఇంటి పిల్లలకు నలుగురిలో అడగాల్సిన అవసరం లేకుండా ఏర్పాటు చేయడం. ఏది ముందు చేయాలన్నది మీతో పనిచేసిన ఆ ముగ్గురు నలుగురే ఎంచాలి, ఏది ఎంత నొప్పి పెడుతుందో తెలిసింది వాళ్ళకే.

కుదరదు అని తేలినవి కూడా రాసుకోండి, ఎవరి అనుమతి కావాలో పక్కనే రాయండి. కొన్ని నియమాలు మీ గది దాటి పైనుంచి వస్తాయి, అప్పుడు మీ ఫారం అనుభవాలు, ఖర్చు లెక్కలు జోడించి పైకి ఉత్తరం పెట్టండి. ఉద్యోగులే రాస్తే దాన్ని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

కొందరు అక్టోబర్ 17న కార్యక్రమం పెట్టాలనుకుంటారు. 1987లో ఆ రోజు పారిస్‌లో ట్రొకడేరో కూడలి దగ్గర వ్రెసిన్‌స్కీ పిలుపు మీద జనం కూడారు, 1992లో ఐక్యరాజ్యసమితి దాన్ని పేదరిక నిర్మూలన దినంగా ప్రకటించింది. పెట్టండి, కానీ ఉపన్యాసాలు, శాలువాలు, ఫొటోలు వద్దు. ఇళ్ళు చూపించడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని బస్తీలకు తీసుకెళ్ళడం అసలే వద్దు, ఏ రోజైనా.

మళ్ళీ కలవడం

తేదీలు ఆ రోజే ఖరారు చేయండి, నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఇంకోసారి. మొదటి నెల చీటీలు తీసి ఎవరిది ఎంతవరకు వచ్చిందో చదవండి, చేయనివాళ్ళను నిలదీయడం కాకుండా ఏది అడ్డొచ్చిందో అడగండి. మూడు నెలల తర్వాత లెక్క చూడండి: వెనక్కి పంపిన దరఖాస్తులు తగ్గాయా, తప్పిన అపాయింట్‌మెంట్లు తగ్గాయా, ఒక పనికి ఒక కుటుంబం ఎన్నిసార్లు తిరగాల్సి వస్తోంది. కార్యక్రమం ముందు ఈ అంకెలు రాసిపెట్టుకోకపోతే తర్వాత దేనితో పోల్చాలో తెలియదు కాబట్టి ఇవి ఏర్పాట్లు మొదలుపెట్టిన మొదటి వారంలోనే తీసి పెట్టుకోండి. అంకెలతో పాటు, మొదట్లో గోడ మీద ఆ కాగితం రాయించినవాళ్ళను మళ్ళీ పిలిచి, అదే పనిని మొదటి నుంచి మరోసారి చేసి చూడమనండి, ఈసారి ఎక్కడ ఆగారో కొత్త కాగితం మీద రాయించండి. ఆ రోజుకు కూడా వాళ్ళకు డబ్బు ఇవ్వాలి, ప్రయాణ ఖర్చు ముందే.